ఎక్స్‌ఎంఎల్ పత్రాల నుంచి ప్రోగ్రామ్ ఆబ్జెక్టులు: నమూనా–నియమ పద్ధతి

ఎక్స్‌ఎంఎల్ పత్రంలోని సమాచారాన్ని ప్రోగ్రామ్ నేరుగా వాడుకోగల ఆబ్జెక్టులుగా మార్చే పద్ధతుల్లో నమూనా–నియమ పద్ధతి ఒకటి. పత్రంలో ఏ దారిలో ఏ ఎలిమెంటు ఎదురైతే ఏ పని జరగాలో ప్రోగ్రామర్ ముందుగానే నియమాలుగా రాసిపెడతాడు. దారిని చెప్పే భాగం నమూనా, చేయాల్సిన పనిని చెప్పే భాగం నియమం. పార్సర్ పత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి చదువుతుంది. నమూనా కుదిరిన చోటల్లా దానికి జతచేసిన నియమం పనిచేస్తుంది. చదవడం పూర్తయ్యేసరికి ఒకదానికొకటి ముడిపడిన ఆబ్జెక్టుల సమూహం సిద్ధమవుతుంది.

ఈ పద్ధతికి ఎక్కువ ప్రచారం తెచ్చింది జావా భాషలోని అపాచీ కామన్స్ డైజెస్టర్ లైబ్రరీ. స్ట్రట్స్ ఫ్రేమ్‌వర్క్, టామ్‌క్యాట్ సర్వర్ తమ కాన్ఫిగరేషన్ ఫైళ్లను ఈ పద్ధతిలోనే చదివాయి. ఈ వ్యాసం డైజెస్టర్‌ను ప్రధాన ఉదాహరణగా తీసుకుని పద్ధతి పనితీరును, బలాలను, లోపాలను వివరిస్తుంది.

నేపథ్యం

ఎక్స్‌ఎంఎల్ 1.0ను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1998 ఫిబ్రవరి 10న ప్రమాణంగా ప్రకటించింది. అదే ఏడాది ఈ పత్రాలను చదవడానికి రెండు దారులు ఏర్పడ్డాయి. డేవిడ్ మెగిన్సన్ నాయకత్వంలో రూపొందిన సాక్స్ 1998 మే నెలలో వచ్చింది. కన్సార్టియం తయారుచేసిన డామ్ మొదటి స్థాయి ప్రమాణం అక్టోబరులో వెలువడింది.

డామ్ పత్రం మొత్తాన్ని చెట్టు ఆకారంలో మెమరీలో నిలుపుతుంది. ప్రోగ్రామర్ ఆ చెట్టులో కొమ్మ కొమ్మకూ తిరిగి కావలసింది తీసుకోవాలి. పత్రం పెద్దదైతే మెమరీ భారం పెరుగుతుంది. పైగా ఆ చెట్టులో ఉండేవి ఎలిమెంట్లు, అట్రిబ్యూట్లు, టెక్స్టు ముక్కలు మాత్రమే. ప్రోగ్రామ్‌కు కావలసిన పుస్తకం, ఖాతా, ఉద్యోగి లాంటి ఆబ్జెక్టులను మళ్లీ విడిగా తయారుచేసుకోవాలి.

సాక్స్ దేనినీ నిలవ ఉంచదు. ట్యాగు మొదలైందని, టెక్స్టు వచ్చిందని, ట్యాగు ముగిసిందని వరుసగా కబుర్లు పంపి ఊరుకుంటుంది. మెమరీ ఆదా అవుతుంది, వేగమూ ఉంటుంది. అయితే పత్రంలో ఇప్పుడు ఎక్కడ ఉన్నామో గుర్తుంచుకునే బాధ్యత ప్రోగ్రామర్ మీద పడుతుంది. రచయిత కింద ‘పేరు’ అనే ట్యాగు, ప్రచురణకర్త కింద మరో ‘పేరు’ ట్యాగు ఉంటే ఏది ఎవరిదో తేల్చడానికి ఫ్లాగ్ వేరియబుళ్లు పెట్టుకోవాలి, ఇఫ్–ఎల్స్ వరుసలు పేర్చాలి. పత్రం నిర్మాణం కాస్త మారితే ఆ వరుసలన్నీ తిరగరాయాలి. సాక్స్ వేగాన్ని వదులుకోకుండా ఈ చిక్కును తీర్చడానికి పుట్టిందే నమూనా–నియమ పద్ధతి.

డైజెస్టర్ పుట్టుక

జావా వెబ్ అప్లికేషన్ల కోసం క్రెయిగ్ మెక్‌క్లానహన్ స్ట్రట్స్ ఫ్రేమ్‌వర్క్‌ను రూపొందించి 2000లో అపాచీ సంస్థకు అందించాడు. టామ్‌క్యాట్ 4లోని కాటలీనా సర్వ్‌లెట్ కంటైనర్ రూపకర్త కూడా ఆయనే. స్ట్రట్స్‌లో ఏ వెబ్ చిరునామాకు ఏ యాక్షన్ క్లాసు జవాబివ్వాలో ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో రాసేవారు. ఆ ఫైలును చదివి ఆబ్జెక్టులుగా మార్చే కోడు స్ట్రట్స్‌కే పరిమితం కానక్కరలేదని తేలడంతో దాన్ని అపాచీలోని జకార్తా కామన్స్ ప్రాజెక్టులోకి మార్చారు. 2001లో అది డైజెస్టర్ పేరుతో స్వతంత్ర లైబ్రరీ అయింది.

పనితీరు

డైజెస్టర్ లోపల సాక్స్ పార్సరే ఉంటుంది. దాని మీద మూడు అంగాలు చేరతాయి. మొదటిది ప్రస్తుత దారి. గ్రంథాలయం అనే ఎలిమెంటు లోపలి పుస్తకం, దాని లోపలి శీర్షిక దగ్గర చదువుతున్నప్పుడు దారి ‘గ్రంథాలయం/పుస్తకం/శీర్షిక’ అవుతుంది. ట్యాగు మొదలైనప్పుడు దారి పొడుగవుతుంది, ముగిసినప్పుడు కురచవుతుంది. రెండోది నియమాల పట్టిక. మూడోది ఆబ్జెక్టుల స్టాక్. తయారవుతున్న ఆబ్జెక్టులు ఈ స్టాక్‌లో ఒకదానిపై ఒకటి ఉంటాయి. ఎలిమెంట్లు ఒకదాని లోపల ఒకటి ఇమిడి ఉండే తీరే ఈ స్టాక్‌లోనూ కనిపిస్తుంది.

ప్రతి నియమానికి నాలుగు మెథడ్లు ఉంటాయి. ట్యాగు మొదలైనప్పుడు బిగిన్, లోపలి టెక్స్టు అందినప్పుడు బాడీ, ట్యాగు ముగిసినప్పుడు ఎండ్, మొత్తం పత్రం పూర్తయ్యాక ఫినిష్ నడుస్తాయి. తరచుగా వాడే నియమాలు లైబ్రరీలోనే సిద్ధంగా ఉన్నాయి. ఆబ్జెక్ట్ క్రియేట్ నియమం కొత్త ఆబ్జెక్టును సృష్టించి స్టాక్ మీద పెడుతుంది, ట్యాగు ముగియగానే తీసేస్తుంది. సెట్ ప్రాపర్టీస్ నియమం అట్రిబ్యూట్ల విలువలను అదే పేరున్న ప్రాపర్టీలలో నింపుతుంది. బీన్ ప్రాపర్టీ సెట్టర్ నియమం ట్యాగు లోపలి టెక్స్టును ప్రాపర్టీలో ఉంచుతుంది. సెట్ నెక్స్ట్ నియమం స్టాక్‌లో పైనున్న ఆబ్జెక్టును దాని కిందనున్న ఆబ్జెక్టుకు అప్పగిస్తుంది. కాల్ మెథడ్, కాల్ పారామ్ నియమాలు రెండూ కలిసి టెక్స్టునూ అట్రిబ్యూట్లనూ సేకరించి కోరిన మెథడును పిలుస్తాయి. ఇవి చాలకపోతే ప్రోగ్రామర్ తన సొంత నియమాన్ని రాసుకోవచ్చు.

ఒక ఉదాహరణ

ఎక్స్‌ఎంఎల్ మొదటి ప్రమాణం నుంచే ట్యాగుల పేర్లలో తెలుగు అక్షరాలకు అనుమతి ఉంది. జావా కూడా క్లాసుల పేర్లలో తెలుగును ఒప్పుకుంటుంది. అందువల్ల కింది పత్రం నిజంగానే చెల్లుతుంది. ప్రతుల సంఖ్య ఉదాహరణ కోసం ఇచ్చినది.

<గ్రంథాలయం ఊరు="వేటపాలెం">
  <పుస్తకం ప్రతులు="3">
    <శీర్షిక>మాలపల్లి</శీర్షిక>
    <రచయిత>ఉన్నవ లక్ష్మీనారాయణ</రచయిత>
  </పుస్తకం>
</గ్రంథాలయం>

దీనికి కావలసిన నియమాలు, నాలుగు నమూనాల వారీగా, ఇవి:

1. ‘గ్రంథాలయం’ ఎదురైతే గ్రంథాలయం క్లాసు ఆబ్జెక్టును సృష్టించు, అట్రిబ్యూట్లను ప్రాపర్టీలలో నింపు.
2. ‘గ్రంథాలయం/పుస్తకం’ ఎదురైతే పుస్తకం క్లాసు ఆబ్జెక్టును సృష్టించు, అట్రిబ్యూట్లను నింపు, ముగింపులో గ్రంథాలయం ఆబ్జెక్టులోని ‘చేర్చు’ మెథడుకు అప్పగించు.
3. ‘గ్రంథాలయం/పుస్తకం/శీర్షిక’ లోపలి టెక్స్టును శీర్షిక ప్రాపర్టీలో ఉంచు.
4. ‘గ్రంథాలయం/పుస్తకం/రచయిత’ లోపలి టెక్స్టును రచయిత ప్రాపర్టీలో ఉంచు.

పార్సర్ మొదటి ట్యాగు చదవగానే ఖాళీ స్టాక్ మీదకు గ్రంథాలయం ఆబ్జెక్టు చేరుతుంది, దాని ఊరు ప్రాపర్టీలో వేటపాలెం అని పడుతుంది. పుస్తకం ట్యాగు దగ్గర రెండో ఆబ్జెక్టు వచ్చి దాని మీద కూర్చుంటుంది. ‘3’ అనే అక్షర రూపం పూర్ణాంకంగా మారి ప్రతులు ప్రాపర్టీలోకి వెళుతుంది. శీర్షిక, రచయిత ట్యాగులు కొత్త ఆబ్జెక్టును సృష్టించవు. వాటి టెక్స్టు స్టాక్ పైనున్న పుస్తకంలోకి చేరుతుంది. పుస్తకం ట్యాగు ముగిసినప్పుడు ఆ ఆబ్జెక్టు గ్రంథాలయానికి చేరి స్టాక్ నుంచి దిగిపోతుంది. చివరికి ప్రోగ్రామ్ చేతికి అందేది గ్రంథాలయం ఆబ్జెక్టు. పత్రంలో పుస్తకాలు పది ఉన్నా పదివేలు ఉన్నా నియమాలు ఇవే.

నియమాల వరుస

ఒకే నమూనాకు పలు నియమాలు ఉన్నప్పుడు వాటి వరుస ముఖ్యం. బిగిన్, బాడీ మెథడ్లు నియమాలను నమోదు చేసిన వరుసలోనే నడుస్తాయి. ఎండ్ మెథడ్లు మాత్రం వెనక నుంచి ముందుకు నడుస్తాయి. పై ఉదాహరణలో ఆబ్జెక్టును సృష్టించే నియమాన్ని ముందు, అప్పగించే నియమాన్ని తర్వాత నమోదు చేస్తే ట్యాగు ముగిసినప్పుడు అప్పగింత ముందు జరిగి, ఆ తర్వాత పుస్తకం స్టాక్ నుంచి దిగుతుంది. అప్పటికి శీర్షిక, రచయిత కూడా నిండి ఉంటాయి కాబట్టి గ్రంథాలయానికి సంపూర్ణమైన పుస్తకమే చేరుతుంది.

ఈ వరుసను తిరగేస్తే పుస్తకం ముందే స్టాక్ నుంచి పోతుంది. అప్పగించే నియమానికి స్టాక్ పైన గ్రంథాలయం కనిపిస్తుంది, దాని కింద ఏమీ ఉండదు. డైజెస్టర్ కొత్తగా నేర్చుకునేవారికి ఎక్కువగా ఎదురయ్యే తప్పుల్లో ఇదొకటి.

నమూనాలను పోల్చే తీరు

నమూనాలు ప్రధానంగా రెండు రకాలు. పూర్తి దారిని చెప్పేవి మొదటి రకం. దారి చివరి భాగాన్ని మాత్రమే చెప్పేవి రెండో రకం. ‘*/రచయిత’ అని రాస్తే పత్రంలో ఎంత లోతున ఉన్నా రచయిత ఎలిమెంటుకు అది కుదురుతుంది. తనలో తాను ఇమిడిపోయే నిర్మాణాలకు, ఉదాహరణకు విభాగం లోపల ఉపవిభాగం, దాని లోపల మరో ఉపవిభాగం ఉండే పత్రాలకు, ఈ రెండో రకం లేకపోతే కుదరదు.

డైజెస్టర్‌లో సాధారణంగా పనిచేసే పద్ధతి ప్రకారం పూర్తి దారి కుదిరితే దానికే ప్రాధాన్యం. అది లేనప్పుడే నక్షత్రపు నమూనాలను చూస్తుంది, వాటిలో అన్నిటికంటే పొడవైనదాన్ని తీసుకుంటుంది. కాబట్టి ‘*/రచయిత’కు ఒక నియమం, ‘గ్రంథాలయం/పుస్తకం/రచయిత’కు మరో నియమం ఉంటే ఆ దారిలో రెండోదే నడుస్తుంది. రెండూ నడవాలంటే విస్తరించిన పోలిక పద్ధతిని ఎంచుకుని నమూనా ముందు ఆశ్చర్యార్థకం చేర్చాలి. పోలిక పద్ధతిని పూర్తిగా మార్చుకునే వీలూ ఉంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో పోల్చే క్లాసు కూడా లైబ్రరీలో ఉంది.

ఇలాంటి ప్రాధాన్య సూత్రాలు ఎక్స్‌ఎస్ఎల్‌టీ భాషలోనూ ఉన్నాయి. 1999 నవంబరు 16న ప్రమాణమైన ఆ భాషలో ప్రతి టెంప్లేటుకూ ఒక నమూనా ఉంటుంది. ఒకే ఎలిమెంటుకు రెండు టెంప్లేట్లు కుదిరినప్పుడు సాధారణంగా ఎక్కువ నిర్దిష్టమైనది గెలుస్తుంది. అయితే ఎక్స్‌ఎస్ఎల్‌టీ ఒక పత్రం నుంచి మరో పత్రాన్ని తయారుచేస్తుంది. డైజెస్టర్ పత్రం నుంచి ఆబ్జెక్టులను తయారుచేస్తుంది. ఎక్స్‌ఎస్ఎల్‌టీ నమూనాలు ఎలిమెంటు లోపలి విషయాన్ని కూడా పరీక్షించగలవు. డైజెస్టర్ చదువుతూ ముందుకే పోతుంది కాబట్టి ఇంకా రాని భాగాన్ని చూసి నిర్ణయం తీసుకోలేదు.

టామ్‌క్యాట్‌లో

ఈ పద్ధతి రోజూ పనిచేసే చోటు టామ్‌క్యాట్. ఆ సర్వర్ ప్రధాన కాన్ఫిగరేషన్ ఫైల్లో సర్వర్, దాని లోపల సర్వీస్, సర్వీస్ లోపల కనెక్టర్, ఇంజిన్, ఇంజిన్ లోపల హోస్ట్ అనే ఎలిమెంట్లు ఉంటాయి. టామ్‌క్యాట్ మొదలైనప్పుడు డైజెస్టర్ ఆ ఫైలును చదివి ఒక్కో ఎలిమెంటుకు ఒక్కో జావా ఆబ్జెక్టును నిలబెడుతుంది. 8080 పోర్టులో వినమని ఫైల్లో రాసిన అట్రిబ్యూటు కనెక్టర్ ఆబ్జెక్టు ప్రాపర్టీగా మారుతుంది. టామ్‌క్యాట్ వాడేది కామన్స్ డైజెస్టర్ నుంచి తీసుకుని తన అవసరాలకు మార్చుకున్న సొంత ప్రతి.

ఎలిమెంటులో క్లాస్‌నేమ్ అనే అట్రిబ్యూటు ఇస్తే టామ్‌క్యాట్ తన మామూలు క్లాసుకు బదులు అక్కడ చెప్పిన క్లాసు ఆబ్జెక్టును సృష్టిస్తుంది. సర్వర్ కోడును ముట్టుకోకుండా కొత్త భాగాలను బిగించే సౌకర్యం ఇలా దొరికింది.

ఎక్లిప్స్ అనే కోడింగ్ సాధనంలో టామ్‌క్యాట్ నడిపిన జావా ప్రోగ్రామర్లకు కన్సోల్‌లో పదేపదే కనిపించిన ఒక హెచ్చరిక ఉంది. సెట్ ప్రాపర్టీస్ రూల్ పేరుతో మొదలై, సర్వర్/సర్వీస్/ఇంజిన్/హోస్ట్/కాంటెక్స్ట్ అనే దారిని చూపించి, ‘సోర్స్’ అనే ప్రాపర్టీకి సరిపోయేది దొరకలేదని అది చెబుతుంది. ఎక్లిప్స్ తన గుర్తు కోసం కాంటెక్స్ట్ ఎలిమెంటులో ఆ అట్రిబ్యూటును చేరుస్తుంది. టామ్‌క్యాట్ ఆబ్జెక్టులో ఆ పేరున్న ప్రాపర్టీ లేదు. దాంతో హాని ఏమీ లేదు, సర్వర్ మామూలుగానే మొదలవుతుంది. డైజెస్టర్ పేరు తెలియని ఎందరికో ఆ దారి, ఆ నియమం పేరు మాత్రం అలా పరిచయమయ్యాయి.

ఇతర పద్ధతులు

ఎక్స్‌ఎంఎల్‌ను ఆబ్జెక్టులుగా మార్చడానికి నియమాలు ఒక్కటే మార్గం కాదు. పత్రం నిర్మాణాన్ని వర్ణించే స్కీమా నుంచి క్లాసులను తయారుచేసే జాక్స్‌బీ 1.0 2003లో వచ్చింది. 2006లో వచ్చిన జాక్స్‌బీ 2.0 క్లాసుల మీదే అనోటేషన్లు రాసే వీలు కల్పించింది, జావా 6లో అంతర్భాగమైంది. 2018లో జావా 11 నుంచి దాన్ని తొలగించారు. అప్పటి నుంచి విడి లైబ్రరీగా తెచ్చుకోవాలి. డాట్‌నెట్‌లో ఎక్స్‌ఎంఎల్ సీరియలైజర్ మొదటి నుంచీ క్లాసుల మీదే సూచనలు రాసే దారిలో ఉంది. ఎక్స్‌స్ట్రీమ్ లైబ్రరీ ఏ ఏర్పాటూ లేకుండానే క్లాసు ఆకారాన్ని చూసి రెండు దిశల్లోనూ మార్పు చేస్తుంది.

జాక్స్‌బీలో క్లాసు నిర్మాణం పత్రం నిర్మాణాన్ని చాలావరకు అనుసరించాలి. నమూనా–నియమ పద్ధతిలో ఆ బంధం లేదు. పత్రంలో మూడు అంచెల లోతున ఉన్న విలువను నేరుగా పై ఆబ్జెక్టులో పెట్టవచ్చు. ప్రోగ్రామ్‌కు అక్కరలేని ఎలిమెంట్లకు నియమం రాయకుండా వదిలేయవచ్చు. క్లాసులకు తాము ఎక్స్‌ఎంఎల్ నుంచి వచ్చామన్న సంగతే తెలియనక్కరలేదు. అయితే రాకపోకల్లో ఇది ఒక దిశకే పనికొస్తుంది. ఆబ్జెక్టులను తిరిగి ఎక్స్‌ఎంఎల్‌గా రాయడం డైజెస్టర్ పని కాదు.

నమూనాలకు పనిని జతచేసే ఆలోచన ఇతర చోట్లా కనిపిస్తుంది. పెర్ల్ భాషలోని ఎక్స్‌ఎంఎల్ ట్విగ్ మాడ్యూల్‌లో దారులకు హ్యాండ్లర్లను జతచేస్తారు. స్కాలా భాషలో ఎక్స్‌ఎంఎల్ ముక్కలనే మ్యాచ్ వాక్యంలో నమూనాలుగా రాయవచ్చు. జావాలో లాగింగ్ కోసం వాడే లాగ్‌బ్యాక్ తన కాన్ఫిగరేషన్‌ను చదవడానికి జొరాన్ అనే భాగాన్ని తయారుచేసుకుంది. దానికి డైజెస్టరే స్ఫూర్తి. అక్కడ నియమాన్ని యాక్షన్ అంటారు.

లోపాలు

ఈ పద్ధతిలో పెద్ద లోపం మౌనం. నమూనాలో ఒక్క అక్షరం తప్పు పడినా పార్సర్ ఆగదు, ఎర్రర్ చూపదు. ఆ నియమం ఎప్పటికీ నడవదు, ఆబ్జెక్టులో ఆ ప్రాపర్టీ ఖాళీగా మిగులుతుంది. విలువల మార్పిడిలోనూ ఇదే తీరు. డైజెస్టర్ ఆధారపడే బీన్ యుటిల్స్ లైబ్రరీ మామూలు అమరికలో పూర్ణాంకంగా మారని టెక్స్టుకు సున్నా ఇచ్చి సరిపెడుతుంది. పై ఉదాహరణలో ప్రతులు="మూడు" అని రాస్తే గ్రంథాలయంలో ఆ పుస్తకం ప్రతులు సున్నా అని నమోదవుతుంది. అందుకే నియమాలను నమ్ముకునే ముందు పత్రాన్ని దాని నిర్మాణ నిబంధనలు చెప్పే డీటీడీతోనో స్కీమాతోనో సరిచూడటం మంచి అలవాటు.

రెండో లోపం, ఆబ్జెక్టు ముందు ఖాళీగా పుట్టి తర్వాత నిండుతుంది. కాబట్టి క్లాసుకు పారామీటర్లు లేని కన్‌స్ట్రక్టర్, ప్రతి ప్రాపర్టీకి సెట్టర్ ఉండాల్సి వచ్చేది. ఒకసారి తయారయ్యాక మారని ఆబ్జెక్టులకు ఇది ఇబ్బంది. డైజెస్టర్ మూడో తరంలో కన్‌స్ట్రక్టర్‌కు విలువలు పంపే వీలు చేర్చారు. మూడోది, ఒకే డైజెస్టర్ ఆబ్జెక్టును ఒకేసారి పలు థ్రెడ్లు వాడకూడదు. దారి, స్టాక్ రెండూ దాని లోపలే ఉంటాయి కనుక ఒకరి చదువు మరొకరి చదువుతో కలిసిపోతుంది.

భద్రత

ఎక్స్‌ఎంఎల్ ఆబ్జెక్టుగా మారుతున్నదంటే బయటి నుంచి వచ్చిన టెక్స్టు ప్రోగ్రామ్ లోపలి నిర్మాణాన్ని నిర్ణయిస్తున్నదని అర్థం. ప్రమాదాలు ఇక్కడే మొదలవుతాయి. పేరు రాసిన చోట వేరే టెక్స్టు వచ్చి చేరే ఏర్పాటును ఎంటిటీ అంటారు. బయటి ఎంటిటీల ద్వారా సర్వర్‌లోని ఫైళ్లను చదివించే దాడి పార్సర్ స్థాయిలో జరుగుతుంది. ఒక ఎంటిటీలో పదిసార్లు మరో ఎంటిటీని, దానిలో పదిసార్లు ఇంకోదాన్ని పేర్చి చిన్న ఫైలుతోనే వంద కోట్ల ముక్కలను పుట్టించి మెమరీని నింపేసే దాడీ అలాంటిదే. బయటి ఎంటిటీలను, డీటీడీలను ఆపేస్తే ఈ రెండూ ఆగుతాయి.

ఆబ్జెక్టుల స్థాయిలో ప్రమాదం వేరు. జావాలో ప్రతి ఆబ్జెక్టుకూ క్లాస్ అనే ప్రాపర్టీ ఉంటుంది, దాని ద్వారా క్లాసులను మెమరీలోకి తెచ్చే క్లాస్‌లోడర్ దాకా వెళ్లవచ్చు. స్ట్రట్స్ 1తో వచ్చిన బీన్ యుటిల్స్ ఈ ప్రాపర్టీని అడ్డుకోకపోవడం భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2014-0114గా నమోదైంది. అక్కడ దాడికి దారి ఎక్స్‌ఎంఎల్ కాదు, వెబ్ ఫారాల నుంచి వచ్చే విలువలు. 2019లో వచ్చిన బీన్ యుటిల్స్ 1.9.4 ఆ ప్రాపర్టీని తనంతట తానే మూసేసింది. 2017లో స్ట్రట్స్ 2 రెస్ట్ ప్లగిన్‌లో ఎక్స్‌స్ట్రీమ్ ద్వారా వచ్చిన సీవీఈ-2017-9805 లోపం మరింత తీవ్రమైనది. బయటివారు పంపిన ఎక్స్‌ఎంఎల్ ఏ క్లాసు ఆబ్జెక్టులు పుట్టాలో తానే చెప్పగలిగింది, దాంతో సర్వర్ మీద కోరిన ఆదేశాలు నడిపించే అవకాశం వచ్చింది.

ఈ విషయంలో నియమాల పద్ధతికి ఒక సహజ రక్షణ ఉంది. ఏ ఎలిమెంటుకు ఏ క్లాసు అన్నది ప్రోగ్రామర్ రాసిన నియమంలోనే ఉంటుంది, పత్రంలో ఉండదు. అయితే టామ్‌క్యాట్‌లో మాదిరి క్లాసు పేరును అట్రిబ్యూటుగా ఇచ్చే సౌకర్యం పెడితే ఆ రక్షణ పోతుంది. నిర్వాహకుడే రాసే కాన్ఫిగరేషన్ ఫైలుకు అది చెల్లుతుంది. బయటి నుంచి వచ్చే పత్రాలకు అలాంటి సౌకర్యం ఇవ్వకూడదు.

నేటి స్థితి

డైజెస్టర్ 3.0 2011లో వచ్చింది. నియమాలను గొలుసుకట్టుగా రాసే కొత్త శైలి దానిలో ప్రధాన మార్పు. అదే ఏడాది డిసెంబరులో 3.2 వెలువడింది, ఆ తర్వాత చాలా ఏళ్లు కొత్త విడుదల రాలేదు. స్ట్రట్స్ 1కు మద్దతు ముగిసిందని అపాచీ 2013 ఏప్రిల్‌లో ప్రకటించింది. కాన్ఫిగరేషన్ ఫైళ్ల స్థానాన్ని జావాలో అనోటేషన్లు, ఇతర చోట్ల జేసన్, యామెల్ ఆక్రమించాయి. మన దేశంలో ఆదాయపు పన్ను రిటర్నులకు కూడా 2021–22 మదింపు సంవత్సరం నుంచి ఎక్స్‌ఎంఎల్ బదులు జేసన్ వచ్చింది.

ఎక్స్‌ఎంఎల్ మాత్రం కనుమరుగు కాలేదు. యూపీఐ లావాదేవీల్లో బ్యాంకుల మధ్య నడిచే సందేశాలు, ఆధార్ ఆఫ్‌లైన్ ఈకేవైసీ ఫైలు ఎక్స్‌ఎంఎల్‌లోనే ఉన్నాయి. పత్రం నిర్మాణం మన చేతిలో లేనప్పుడు, దానిలో కొంత భాగమే కావలసినప్పుడు, మెమరీ పొదుపు అవసరమైనప్పుడు నమూనా–నియమ పద్ధతి ఇప్పటికీ సరైన ఎంపిక. పత్రానికి స్థిరమైన స్కీమా ఉండి, ఆబ్జెక్టులను తిరిగి ఎక్స్‌ఎంఎల్‌గా రాయాల్సి వస్తే జాక్స్‌బీ లాంటివే మేలు. టామ్‌క్యాట్ మాత్రం తన కాన్ఫిగరేషన్ ఫైలును నేటికీ తన సొంత డైజెస్టర్‌తోనే చదువుతోంది.